దిద్దే చెయ్యి ఉన్న చోటే చేరండి

ప్రశ్న: మాది తెనాలికి పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న పల్లెటూరు. పట్టణంలోని ఒక కళాశాలలో బీ.కాం. కంప్యూటర్ అప్లికేషన్స్ చివరి సంవత్సరం చదువుతున్నాను. డిసెంబరులో మొదలయ్యే ఆరో సెమిస్టరులో మాకు తరగతులు ఉండవు. ఎక్కడైనా ఇంటర్న్‌షిప్ చేసి లాగ్ బుక్కు, నివేదిక సమర్పించాలి. నా ముందు మూడు దారులు ఉన్నాయి. పట్టణంలోని ఒక ఆడిటరు గారి ఆఫీసులో చేర్చుకుంటామన్నారు కానీ నెలకు 3,000 రూపాయలే ఇస్తారట. అక్కడ చేసి వచ్చిన మా సీనియరు అక్క ‘ఫైళ్ళు సర్దడం, జిరాక్సులు తీయించడంతోనే సరిపోయింది’ అని చెప్పింది. హైదరాబాదులోని ఒక సంస్థ 4,500 రూపాయలు కడితే ఇంటి నుంచే ఆన్‌లైన్‌లో ఇంటర్న్‌షిప్ చేయించి, సర్టిఫికెట్టుతో పాటు ప్రాజెక్టు రిపోర్టు కూడా తామే ఇస్తామంటోంది. మా తరగతిలో చాలామంది అందులోనే చేరుతున్నారు. గుంటూరులో తెలిసినవారి బట్టల షోరూములో 11,000 రూపాయల జీతానికి బిల్లింగ్ కౌంటరు ఉద్యోగం ఉందని, కళాశాలకు కావలసిన కాగితం కూడా వాళ్ళే ఇస్తారని, జీతం రాని పనికి ఆరు నెలలు పాడుచేసుకోవద్దని మా నాన్నగారు అంటున్నారు. తమ్ముడు ఇంటర్ చదువుతున్నాడు. ఆడిటరు ఆఫీసులో రాత్రి పొద్దుపోయేదాకా ఉండవలసి వస్తుందేమోనని అమ్మకు భయం. అసలు ఇంటర్న్‌షిప్ వల్ల ఉద్యోగానికి నిజంగా మేలు ఉంటుందా, లేక డిగ్రీ చేతికి రావడానికి అది ఒక కాగితం మాత్రమేనా?

— ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా

జవాబు: మీరు అడిగిన చివరి ప్రశ్నకు ముందు సమాధానం చెప్పి, ఆ తరువాత మూడు దారుల దగ్గరికి వస్తాను. ఇంటర్న్‌షిప్ వల్ల మేలు ఉంటుందా, ఉండదా అన్నది ఆ పదంలో లేదు. మీరు చేసిన పనిని రోజూ ఒకరు చూసి, తప్పు ఎక్కడ ఉందో చూపించి, మళ్ళీ చేయమని మీకు తిరిగి ఇచ్చే ఏర్పాటు అక్కడ ఉందా లేదా అన్న దానిలో ఉంది. ఆ ఏర్పాటు ఉంటే మూడు వేలు ఇచ్చినా అది మంచి ఇంటర్న్‌షిప్పే, లేకపోతే పెద్ద నగరంలో పెద్ద పేరున్న సంస్థ అయినా మీకు మిగిలేది కాగితమే. ఈ ఒక్క కొలబద్దతో మీ మూడు దారులనూ కొలిస్తే నేను ఆడిటరు గారి ఆఫీసు వైపే మొగ్గుతాను. అయితే చేరే ముందు మీరు వారిని కొన్ని విషయాలు అడగవలసి ఉంది. మీ సీనియరు చెప్పిన మాటను కొట్టిపారేయడానికి వీల్లేదు.

ఆన్‌లైన్ సంస్థ సంగతి ఎక్కువ చెప్పనక్కరలేదు. పని చేసేవారికి పని చేయించుకునేవారు డబ్బు ఇవ్వడం లోకరీతి. మహా అయితే ఏమీ ఇవ్వకపోవడం ఉంటుంది. పని చేయబోయేవారే ఎదురు 4,500 రూపాయలు చెల్లిస్తే మీరు అక్కడ ఖాతాదారు అవుతారు తప్ప ఇంటర్న్ కారు. పైగా ప్రాజెక్టు రిపోర్టు కూడా వారే ఇస్తారంటే, మీరు చేయవలసిన ఒక్క పని కూడా వారు మీకు మిగల్చడం లేదన్నమాట. ఇటువంటి సర్టిఫికెట్టు ఇప్పుడు ప్రతి రెజ్యూమేలోనూ కనిపిస్తోంది కాబట్టి ఇంటర్వ్యూ చేసేవారు దానిని చూసి రెండు ప్రశ్నలు వేస్తారు: ‘అక్కడ మీరు రోజూ ఏం చేసేవారు?’, ‘మీరు చేసినదానిలో ఎప్పుడైనా తప్పు దొర్లిందా, దొర్లితే ఎలా సరిచేశారు?’ ఈ రెండో ప్రశ్నకు, డబ్బు కట్టి కొనుక్కున్న సర్టిఫికెట్టు నుంచి సమాధానం రాదు. ఆన్‌లైన్‌లో చేసే ఇంటర్న్‌షిప్పులన్నీ ఇలాగే ఉంటాయని నా అభిప్రాయం కాదు. దూరం నుంచే పని అప్పగించి, శ్రద్ధగా దిద్దే సంస్థలు ఉన్నాయి, కానీ అవి విద్యార్థి దగ్గర రుసుము వసూలు చేయవు.

నా మాట మీకు నమ్మకంగా తోచాలంటే ఒక పాత అనుభవం చెప్పాలి. 1990ల తొలి ఏళ్ళలో, బీ.కాం. పూర్తయిన వేసవిలో, నేను ఒక ఆడిటింగ్ ఆఫీసులో గుమాస్తాగా చేరాను. అప్పటికి ఆ ఆఫీసులో కంప్యూటరు లేదు. వర్తకులు ఎర్ర అట్టల చిట్టా పుస్తకాలు సంచుల్లో పెట్టి పంపిస్తే, వాటిలోంచి పద్దులు ఖాతాల వారీ పుస్తకమైన ఆవర్జాకెక్కించి, ట్రయల్ బ్యాలెన్సు, అంటే జమ వైపు మొత్తం ఖర్చు వైపు మొత్తంతో సరిపోయిందో లేదో చూసే పట్టీ, తీసి పెట్టడం మా పని. చేరిన రెండో వారంలో నేను తీసిన ట్రయల్ బ్యాలెన్సులో 270 రూపాయల తేడా వచ్చింది. ఒక పగలంతా వెతికాను, దొరకలేదు. సాయంత్రం ఆ ఆఫీసులో ముప్ఫై ఏళ్ళుగా ఉన్న పెద్ద గుమాస్తా గారు కాగితం వైపు ఒకసారి చూసి, ‘తేడాను తొమ్మిదితో భాగించి చూడవయ్యా’ అన్నారు. శేషం లేకుండా పోయింది. ‘అయితే ఎక్కడో పక్కపక్క అంకెలు తారుమారు చేశావు. 270 అంటే తొంభైకి మూడు రెట్లు కనుక వందల స్థానమూ పదుల స్థానమూ మారాయి, ఆ రెండు అంకెల మధ్య తేడా మూడు. అటువంటి పద్దు చూసుకో’ అని చెప్పి ఆయన చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. పది నిమిషాలు తిరక్కుండానే 4,850కి బదులు నేను 4,580 అని రాసిన పద్దు దొరికింది. ఈ కిటుకు పుస్తకాల్లో లేకపోలేదు, తప్పుల సవరణ అన్న పాఠంలో నేను పరీక్ష రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కానీ ఆ సాయంత్రం వరకు అది నాకు తెలిసిన విద్య కాదు. ఆ నెలలో నాకు వచ్చిన డబ్బు ఎంతో ఇప్పుడు గుర్తు లేదు.

ఇంటర్న్‌షిప్ అనే పేరు మనకు కొత్తగా వినిపిస్తోంది కానీ ఆ ఏర్పాటు కొత్తది కాదు. ఎం.బీ.బీ.ఎస్. చదివినవారు ఒక ఏడాది హౌస్ సర్జన్‌గా ఆసుపత్రి వార్డుల్లో తిరగకుండా డాక్టరు కాలేరు. మూడేళ్ళ న్యాయవిద్యలో పన్నెండు వారాలు, అయిదేళ్ళ కోర్సులో ఇరవై వారాలు బయట పని చేసి రావాలని బార్ కౌన్సిల్ నియమం పెట్టింది. చదువు పూర్తయిన తరువాత కూడా ఏదో ఒక సీనియరు దగ్గర జూనియరుగా చేరకుండా కోర్టులో నిలదొక్కుకునేవారు అరుదు. వ్యవసాయ డిగ్రీ విద్యార్థులు చివరి సంవత్సరంలో పల్లెల్లో మకాం పెట్టి రైతులతో కలిసి పొలాల్లో నడుస్తారు. బీ.ఎడ్. వారు బడిలో పిల్లల ముందు నిలబడి పాఠం చెబుతారు. ఇంతమందికి ఉన్న ఈ అవకాశం చాలాకాలం లేకుండా పోయింది బీ.ఏ., బీ.కాం., బీ.ఎస్సీ. చదివిన మన పిల్లలకే. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను, అంటే మొదటి ఏడాది తరువాత రెండు నెలల సామాజిక సేవా ప్రాజెక్టును, రెండో ఏడాది తరువాత రెండు నెలల పనిని, చివర్లో ఒక సెమిస్టరు మొత్తాన్ని పాఠ్యప్రణాళికలో చేర్చడం ఈ లోటును పూడ్చడానికే. ఉద్దేశం మంచిదే అయినా, లక్షలాది మందికి ఒకేసారి పని చూపించగల ఆఫీసులు మన పట్టణాల్లో లేవు. ఆ ఖాళీలోనే సర్టిఫికెట్ల వ్యాపారం పుట్టుకొచ్చింది.

ఇక ఆడిటరు గారి ఆఫీసులో ఆ ఆరు నెలలు ఎలా గడుస్తాయో చెబుతాను. మీరు బేరీజు వేసుకోవలసింది జీతాన్ని ఒక్కదాన్నే కాదు, ఈ పనిని కూడా. అటువంటి ఆఫీసులో నెలకు ఒక నడక ఉంటుంది. ఏడో తేదీకి టీడీఎస్, అంటే చెల్లింపుల్లోంచి ముందే మినహాయించుకున్న పన్ను సొమ్ము, జమ కట్టాలి. పదకొండో తేదీకి నెలవారీ దాఖలు చేసే వ్యాపారుల అమ్మకాల వివరాలతో జీఎస్టీఆర్-1 వెళ్ళాలి. పద్నాలుగో తేదీన జీఎస్టీఆర్-2బీ వస్తుంది. అందులో మన వ్యాపారికి సరుకు అమ్మినవారు ఏయే బిల్లులు చూపించారో కనిపిస్తుంది. ఇరవయ్యో తేదీకి నెలవారీ పన్ను రిటర్ను జీఎస్టీఆర్-3బీ దాఖలు చేసి పన్ను కట్టాలి. ఒక్క రోజు ఆలస్యమైనా, కట్టవలసిన పన్ను ఉన్నవారికి రోజుకు యాభై రూపాయల చొప్పున రుసుము, కట్టని పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ పడతాయి. తరగతి గదిలో గడువు దాటితే మాస్టారిని బతిమాలుకోవచ్చు. ఇక్కడ గడువు దాటితే ఎవరో కిరాణా కొట్టు ఆయన జేబు ఖాళీ అవుతుంది, ఆయన ఫోను చేసి ఎందుకిలా జరిగిందని మిమ్మల్నే అడుగుతారు. గడువు అన్న మాటకు అసలు అర్థం మీకు అప్పుడు తెలిసి వస్తుంది.

మొదట మీకు అప్పగించేది బహుశా కొనుగోలు బిల్లుల కట్టే. దానిని తేదీల వారీగా సర్ది టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేరులో ఎక్కించమంటారు. చూడడానికి గుమాస్తా పనిలా కనిపించే ఈ ఎక్కింపులోనే ఎంతో చదువు ఉంది. జీఎస్టీ నంబరులో పదిహేను అక్షరాలు, అంకెలు ఉంటాయి. మొదటి రెండూ రాష్ట్రం కోడ్, తరువాతి పదీ పాన్ నంబరు. మన నంబర్లు 37తోనూ, తెలంగాణవి 36తోనూ మొదలవుతాయి. విజయవాడ నుంచి హైదరాబాదుకు వెళ్ళిన సరుకు బిల్లులో రాష్ట్రం దాటిన సరుకు మీద వేసే ఐజీఎస్టీ ఉండాలి, తెనాలి నుంచి గుంటూరుకు వెళ్ళినదానిలో కేంద్రం వాటా సీజీఎస్టీ, రాష్ట్రం వాటా ఎస్‌జీఎస్టీ సగం సగం ఉండాలి. అమ్మినవారు ఈ పదిహేనింటిలో ఏదో ఒకటి తప్పుగా కొడితే ఆ బిల్లు మన వ్యాపారి 2బీలో కనిపించదు, కనిపించకపోతే కట్టిన పన్ను తిరిగి జమ చేసుకునే వీలుండదు. ఇరవై బిల్లుల్లో ఒక బిల్లు ఎందుకు కనిపించడం లేదో మీరే వెతికి, అవతలి ఊరి టోకు వర్తకుడికి ఫోను చేసి, ‘అయ్యా, మీరు మా నంబరు తప్పుగా వేశారండి, సవరించాలి’ అని నొప్పించకుండా చెప్పి, పని జరిగేదాకా వెంటపడి చేయించుకున్న రోజున మీరు ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్ అన్న అధ్యాయాన్ని నిజంగా చదివినట్టు.

మీ ప్రాంతంలో ఆడిటరు ఆఫీసులకు వచ్చే ఖాతాదారులు కూడా పాఠాలే. రైసు మిల్లు లెక్కలు, బంగారం కొట్టు లెక్కలు, మందుల షాపు లెక్కలు ఒకదానికొకటి పోలిక ఉండవు. 2022 జూలై 18 నుంచి ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన 25 కిలోల వరకు ఉన్న బియ్యం సంచుల మీద 5 శాతం జీఎస్టీ విధించగానే మార్కెట్లోకి 26 కిలోల సంచులు ఎందుకు వచ్చాయో ఏ సిలబస్సూ చెప్పదు. చట్టంలో రాసిన ఒక అంకె వ్యాపారి చేతిలో సంచి బరువును ఎలా మారుస్తుందో ఆఫీసు టేబులు ముందు కూర్చున్నవారికే అర్థమవుతుంది. అదీకాక, మీరు చేరబోయే సమయం మామూలు సమయం కాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీలో 12, 28 శాతం శ్లాబులు చాలావరకు తీసివేసి చాలా వస్తువుల రేట్లు మార్చారు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025 చట్టం అమలుకు తేదీ 2026 ఏప్రిల్ 1. సెక్షన్ల నంబర్లు మారుతున్నాయి, ఇన్నేళ్ళూ బట్టీపట్టిన అసెస్‌మెంట్ ఇయర్ అన్న మాటే పోయి టాక్స్ ఇయర్ వస్తోంది. పాతికేళ్ళ అనుభవం ఉన్నవారు కూడా కొత్త పుస్తకం తెరిచి చదువుకోవలసిన ఆ నెలల్లో మీరు వారి పక్కన కూర్చుని ఉంటారు. ఇటువంటి సందర్భం తరచూ రాదు.

ఉద్యోగం విషయానికి వస్తే, చిన్న పట్టణాల్లో అకౌంటెంటు ఉద్యోగాలకు ప్రకటనలు పడడం తక్కువ. షాపు యజమాని తన ఆడిటరుకు ఫోను చేసి ‘మీ ఎరుకలో నమ్మకమైన పిల్లలెవరైనా ఉంటే పంపండి’ అంటాడు, ఆడిటరు గారు తన కళ్ళ ముందు పని చేసినవారి పేరు చెబుతారు. మార్చి నెలాఖరులో ఆరు పొలాల గట్లు దాటి బస్సెక్కి వచ్చి, బ్యాంకు స్టేటుమెంటును పుస్తకంతో సరిపోల్చి, తేడా తేలేదాకా కుర్చీలోంచి లేవని అమ్మాయి పేరు ఆయనకు గుర్తుంటుంది. హైదరాబాదు వెళ్ళాలనుకున్నా ఇదే అనుభవం అక్కరకు వస్తుంది. ఫ్రెషర్లను తీసుకునే అకౌంట్స్ ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో అడిగే ప్రశ్నలు, 2బీకి పుస్తకానికి తేడా వస్తే ఏం చేస్తారు, బ్యాంకు రీకన్సిలియేషన్ (స్టేటుమెంటును పుస్తకంతో సరిపోల్చడం) ఎప్పుడైనా చేశారా, వంటివే. మీరు చేసి ఉంటే సమాధానం దానంతట అదే వస్తుంది, చేయకపోతే ఎంత చదివినా అవతలివారికి తెలిసిపోతుంది.

ఇంకొక మేలు ఉంది, దానిని మనవాళ్ళు మేలుగా లెక్కపెట్టరు. ఆరు నెలలు చేశాక ఈ పని మీకు సరిపడదని తేలవచ్చు. అంకెలతో పొద్దస్తమానం గడపడం విసుగనిపించవచ్చు, లేదా అంకెలకంటె వ్యాపారులతో మాట్లాడడమే మీకు బాగుండవచ్చు. ఇరవై ఏళ్ళ వయసులో ఒక సెమిస్టరు ఖర్చుతో తేలే ఆ సంగతి, పెళ్ళి, పిల్లలు, అప్పుల వాయిదాలు వచ్చాక ముప్ఫై అయిదో ఏట తేలడం చాలా ఖరీదైన వ్యవహారం. ఒకవేళ ఈ పనే నచ్చితే మీ ముందు సీఏ (చార్టర్డ్ అకౌంటెంట్) దారి కూడా తెరుచుకుంటుంది. కామర్స్ డిగ్రీలో 55 శాతం మార్కులు ఉన్నవారు ఫౌండేషన్ పరీక్ష లేకుండా నేరుగా సీఏ ఇంటర్మీడియెట్ స్థాయికి నమోదు కావచ్చు, సీఏ దగ్గర పని చేస్తూ నేర్చుకునే ఆర్టికల్స్ శిక్షణ మూడేళ్ళుగా ఉండేది, దానిని 2023లో తెచ్చిన కొత్త విధానంలో రెండేళ్ళకు తగ్గించారు. అయితే ఇప్పుడు మీరు చేసే ఇంటర్న్‌షిప్ ఆ రెండేళ్ళలో లెక్కకు రాదు. మన ఊళ్ళలో పన్ను లెక్కలు చూసే ప్రతివారినీ ఆడిటరు గారనే పిలుస్తారు కానీ అందరూ చార్టర్డ్ అకౌంటెంట్లు కారు. కొందరు టాక్స్ ప్రాక్టీషనర్లు. మీ ప్రస్తుత అవసరానికి ఎవరైనా ఫరవాలేదు కానీ రేపు ఆర్టికల్స్ చేయాలనుకుంటే మాత్రం సీఏ దగ్గరే చేయాలి. ముందే తెలుసుకుని ఉంచుకోండి.

ఇప్పుడు మీ సీనియరు చెప్పిన జిరాక్సుల సంగతి. ఆమె అబద్ధం చెప్పి ఉండదు. అడగకపోతే చాలా ఆఫీసుల్లో జరిగేది అదే. ఎవరికి వారు పనుల్లో మునిగి ఉంటారు, కొత్తగా వచ్చినవారికి నేర్పడానికి అరగంట కేటాయించడం కంటె వారి చేత ఫైళ్ళు సర్దించుకోవడం సులభం. మొదటి రెండు మూడు వారాలు ఫైళ్ళు సర్దడాన్ని నేను తప్పుపట్టను, ఏ ఖాతాదారు కాగితాలు ఎక్కడుంటాయో తెలియకుండా ఆ ఆఫీసులో ఏ పనీ చేయలేరు. నెల దాటినా అదే పని అయితే మాత్రం ఊరుకోకూడదు. అందుకే చేరే ముందే ఆడిటరు గారిని వినయంగా, కానీ స్పష్టంగా అడగండి: నా పనిని రోజూ చూసేది ఎవరు? నెల తరువాత నాకు ఒకటి రెండు చిన్న ఖాతాలు పూర్తిగా అప్పగించి, నేను తయారు చేసిన రిటర్నును మీరు దాఖలు చేసే ముందు నా ఎదుట సరిచూస్తారా? ఈ రెండు ప్రశ్నలకు ఆయన ఫలానా వారు చూస్తారని ఒక పేరు చెబితే చేరండి. ‘అవన్నీ తరువాత చూద్దాంలే’ అంటే ఊళ్ళో ఇంకొక ఆఫీసు తలుపు తట్టండి. తెనాలిలో ఆడిటర్లకు కొదవ లేదు.

ఒప్పుకున్న తేదీలు, పని వేళలు, నెలకు ఇచ్చే 3,000 రూపాయలు ఒక లెటర్‌హెడ్డు మీద రాయించుకోండి. కళాశాల వారికి ఎటూ అది కావాలి. చివర్లో ఇచ్చే సర్టిఫికెట్టులో ‘ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు సంతృప్తికరంగా పనిచేసినారు’ అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టకుండా, మీరు చేసిన పనులను పేరుపేరునా రాయమని కోరండి. ఆడిటరు గారికి అది రాసే తీరిక ఉండదు కాబట్టి ముసాయిదా మీరే రాసి తీసుకెళ్ళండి. ఆ ముసాయిదా మీకు లాగ్ బుక్కులోంచి దొరుకుతుంది, మీరు దానిని నిజంగా రాసి ఉంటే. కళాశాలల దగ్గరి జిరాక్సు షాపుల్లో స్పైరల్ బైండింగ్‌తో సహా సిద్ధంగా ఉండే రిపోర్టులను, ఒకరి పుస్తకం చూసి అరవై మంది రాసుకున్న లాగ్ బుక్కులను నేను చూశాను. అందరికీ పద్నాలుగో రోజున ‘సంస్థ నిర్మాణం గురించి తెలుసుకున్నాను’ అనే ఉంటుంది. మీరు అలా చేయకుండా, రోజూ రెండే విషయాలు రాయండి: ఈ రోజు నేను చేసిన తప్పేమిటి, దానిని ఎవరు, ఎలా దిద్దారు. ఖాతాదారుల పేర్లు, వారి ఆదాయాలు మాత్రం అందులో రాయకండి. ఒకరి లెక్కలు ఇంకొకరికి చెప్పకపోవడం ఈ వృత్తిలో మొదటి మర్యాద.

మీ అమ్మగారి భయాన్ని తేలికగా తీసుకోను. ఆ ఆఫీసుల్లో పని రద్దీగా ఉండే రోజులు ముందే తెలుస్తాయి: ఇరవయ్యో తేదీకి ముందు రెండు మూడు రోజులు, మార్చి చివరి వారం, డిసెంబరు 31 జీఎస్టీ వార్షిక రిటర్ను గడువు. మీ ఊరికి చివరి బస్సు ఎన్ని గంటలకో చెప్పి, దానికి అరగంట ముందు బయలుదేరుతానని మొదటి రోజే చెప్పండి. పెద్దలు ఎవరూ కాదనరు, కాదంటే అక్కడ చేరవద్దు. చేరే ముందు అమ్మగారినే ఒకసారి వెంట తీసుకెళ్ళి ఆ ఆఫీసు చూపించండి. ఇంకొక సంగతి మీ ఇద్దరికీ తెలిసి ఉండాలి. పని స్థలంలో మహిళల మీద లైంగిక వేధింపులను నిషేధించే 2013 చట్టం జీతగాళ్ళకే పరిమితం కాదు. శిక్షణలో ఉన్నవారికి, అప్రెంటిస్‌లకు కూడా వర్తిస్తుంది. పదిమందికి తక్కువగా పనిచేసే చిన్న ఆఫీసు అయినా, జిల్లా స్థాయిలో ఉండే స్థానిక కమిటీకి ఫిర్యాదు చేసుకోవచ్చు.

డబ్బు సంగతి దాటవేస్తే నేను మీకు న్యాయం చేసినట్టు కాదు. షోరూములో ఆరు నెలలకు 66,000 రూపాయలు, ఆడిటరు ఆఫీసులో 18,000. తేడా 48,000. తమ్ముడి ఫీజు ఉన్న ఇంట్లో అది చిన్న మొత్తం కాదు, మీ నాన్నగారు దాని గురించి మాట్లాడడం పూర్తిగా సబబే. మూడు వేలు పేరుకే గౌరవ వేతనం అని నేనూ ఒప్పుకుంటాను. ఆరు గంటలు పని చేయించుకునే ఆఫీసు అంతకంటె ఇవ్వగలదు, ఇవ్వాలి కూడా. రెండు నెలల తరువాత మీ పని చూపించి అయిదు వేలు అడగడానికి మొహమాటపడకండి. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి ప్రయాణం ఉచితం కాబట్టి ఛార్జీల భారమైనా తప్పింది.

ఇంట్లో ఆ 48,000 లేకపోతే గడవని పరిస్థితి నిజంగా ఉంటే, నా సలహా మారుతుంది. అప్పుడు షోరూములోనే చేరండి, కానీ కౌంటరులో కాకుండా, లేదా రోజులో రెండు గంటలైనా, వారి అకౌంట్స్ గదిలో కూర్చోబెట్టమని నాన్నగారి చేత అడిగించండి. బిల్లింగ్ కౌంటరు పని తక్కువదని నేను అనను, గౌరవంగా బతుకుతున్నవారు ఎందరో ఆ పనిలో ఉన్నారు. కానీ అక్కడ పది రోజుల్లో నేర్చుకున్నదే పదో నెలలోనూ చేస్తారు. బార్‌కోడ్ చదివే యంత్రం మీ తప్పు దిద్దుతుంది కానీ ఎందుకు తప్పో చెప్పదు. స్టాకు లెక్క, సరఫరాదారుల చెల్లింపులు, నెలాఖరు రిటర్నుకు కాగితాలు సిద్ధం చేయడం, ఇవి చూసే గదిలో చోటు దొరికితే షోరూము కూడా ఇంటర్న్‌షిప్పే అవుతుంది. మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే అంత ఇబ్బంది ఉన్నట్టు నాకు అనిపించలేదు. నాన్నగారి అభ్యంతరం డబ్బు కంటె, ‘ఆరు నెలల తరువాత ఏమిటి’ అన్న సందేహం దగ్గర ఉన్నట్టు తోచింది. దానికి మీ దగ్గర ఒక జవాబు ఉండాలి.

ఆ జవాబులో డిగ్రీ తరువాత దొరికే అప్రెంటిస్‌షిప్ ఒకటి. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టాన్ని 2014లో సవరించినప్పటి నుంచి ఇంజనీరింగేతర పట్టభద్రులకు కూడా అందులో చోటు దొరికింది. కేంద్ర ప్రభుత్వపు అప్రెంటిస్ శిక్షణ వెబ్‌సైటు అయిన నాట్స్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుంటే ప్రభుత్వ రంగ సంస్థలలో, బ్యాంకులలో, ప్రైవేటు కంపెనీలలో ఏడాది శిక్షణకు దరఖాస్తు చేయవచ్చు. 2019 నిబంధనలలో పట్టభద్రులకు నెలకు కనీసం 9,000 రూపాయలు ఇవ్వాలని పెట్టారు. మీరు దరఖాస్తు చేసేనాటికి ఎంత ఉందో పోర్టల్‌లో చూసుకోండి. ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకాన్ని 2024 అక్టోబరులో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టినప్పుడు 21 నుంచి 24 ఏళ్ళ వయసు, నెలకు 5,000 రూపాయలు, ఒకసారి 6,000 రూపాయలు అన్న నియమాలు పెట్టారు. ఆ నియమాల ప్రకారం రెగ్యులర్ చదువులో ఉన్నవారికి అది వర్తించలేదు కనుక ప్రస్తుతానికి పక్కన పెట్టి, డిగ్రీ చేతికి వచ్చాక అప్పటి నియమాలు చూడండి. ఈ రెండింటిలో దేనికి వెళ్ళినా ఆడిటరు ఆఫీసులో చేసిన ఆరు నెలల పని మీ దరఖాస్తులో రాసుకోవడానికి ఒక గట్టి ఆధారం అవుతుంది.

నాన్నగారితో మాట్లాడేటప్పుడు వాదనకు దిగకండి. ఒక కాగితం మీద 48,000 అని రాసి, ‘నాన్నా, ఇంత నష్టమని నాకూ తెలుసు, జూన్ కల్లా అకౌంటెంటుగా నెలకు ఇంతకంటె మంచి జీతం తెచ్చుకునే పని నేర్చుకుంటాను, మార్చి నెలాఖరుకు ఏమీ నేర్చుకోలేదని తేలితే మీరు చెప్పిన చోటే చేరతాను’ అని గడువు పెట్టి మాట ఇవ్వండి. లెక్కలు తెలిసిన కూతురు లెక్కగా మాట్లాడితే తండ్రికి కాదనడం కష్టం. వీలైతే ఆడిటరు గారిని ఆయనే వచ్చి కలిసేలా చూడండి; మీ అమ్మగారు వెళ్ళిన రోజునే ఇద్దరూ కలిసి వెళ్ళినా సరిపోతుంది. ఆ రోజు మాత్రం పదకొండో తేదీకీ ఇరవయ్యో తేదీకీ ముందు రెండు రోజులు కాకుండా చూసుకోండి. ఆ రోజుల్లో వెళితే కుర్చీ చూపించి కాఫీ తెప్పిస్తారు కానీ మీతో మాట్లాడే తీరిక ఆ ఆఫీసులో ఎవరికీ ఉండదు.